సూరి నాగమ్మగారి లేఖలు – నేను దాటేసిన వాక్యాలు

2021 మే నెలలో తెనాలి నుంచి మా అక్క రోజూ రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఇంత పొడుగు సందేశం పెట్టేది. నాన్నకి కోవిడ్. ఆస్పత్రుల్లో మంచాలు దొరక్క ఇంట్లోనే సిలిండరు పెట్టించి చూసుకుంటోంది. అంతకు కొద్దిరోజుల ముందే, ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి, ఇండియా ప్రయాణికులకి ఎమిరేట్స్ ప్రభుత్వం దారి మూసేసింది. ఇక్కణ్ణించి వెళ్లడానికి విమానాలున్నాయి, తిరిగి రావడానికి లేవు. వెళితే ఉద్యోగం మిగులుతుందా, పిల్లల బడి సంగతేమిటి అని లెక్కలు వేసుకుని ఆగిపోయిన తెలుగువాళ్లు మా షార్జాలో చాలామంది ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

అక్క సందేశం రాగానే వేలితో కిందికి తోసుకుంటూ ఒక్క అంకె కోసం వెతికేవాణ్ణి. ఆక్సిజన్ ఎంత? 94. 91. మళ్లీ 93. అంకె కనపడితే మిగతాది తర్వాత చదువుదాంలే అని పక్కన పెట్టేవాణ్ణి. మా వృత్తిలో లాగ్ ఫైలు చదివే పద్ధతి ఇదే. ఎర్రర్ అన్న మాట ఎక్కడుందో వెతుక్కుంటాం, చుట్టూ ఉన్న వెయ్యి వరసలు ఎవరూ చదవరు. నేను వదిలేసిన వరసల్లో ఒకటి ఇది: "ఇవాళ నాగమ్మగారివి రెండు ఉత్తరాలు చదివి వినిపించాను. ఆవు గురించినది మళ్లీ చదవమన్నారు."

నాన్న ఆ నెలలోనే పోయారు. నివాస వీసా ఉన్నవాళ్లకి దారి ఆగస్టులో తెరుచుకుంది. నేను అక్టోబరులో వెళ్లాను. నాన్న మంచం పక్క బల్ల మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి ఉంది. 'శ్రీ రమణాశ్రమ లేఖలు', రచయిత్రి సూరి నాగమ్మ. అప్పుడు అడిగాను అక్కని, "నాగమ్మగారంటే ఈవిడా? మన వీధిలో ఎవరో పెద్దావిడ అనుకున్నాను" అని. అక్క నవ్వింది. నవ్వి, "నాలుగు వారాలు రాశాను కదరా, ఎవరని ఒక్కసారి అడగలేదేం?" అంది.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు కాదు. జవాబు లేదు కూడా. ఆ పుస్తకాన్ని రెండేళ్లు చదివాక, అది ఎలాంటి పుస్తకమో నాకు తోచినంత చెప్పాలని రాస్తున్నాను.

నాగమ్మగారు 1902లో గుంటూరు జిల్లా కొలనుకొండలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి, తర్వాత తల్లి పోయారు. ఆ కాలపు వాడుక ప్రకారం పసితనంలో పెళ్లి చేస్తే, కాపురం అంటే ఏమిటో తెలియకముందే భర్త కూడా పోయాడు. బడిచదువు లేదు. ఇంట్లో కూర్చుని సొంతంగా చదువు నేర్చుకుంది, పద్యాలు కట్టింది. 1941లో తిరువణ్ణామలై చేరి రమణాశ్రమం దగ్గర్లోనే ఉండిపోయింది. బ్యాంకు ఉద్యోగి అయిన అన్నగారు డి. ఎస్. శాస్త్రి, అక్కడ జరిగేవన్నీ ఉత్తరాలుగా రాయమన్నారు. 1945 నవంబరులో మొదలుపెట్టి, రమణ మహర్షి దేహం విడిచిన 1950 దాకా రాసింది. మొత్తం 273 ఉత్తరాలు. తర్వాత ఆ అన్నగారే వాటిని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఇక్కడ నాకు పరిచయమైన రమణభక్తుల్లో మలయాళీలు, తమిళులు, ఒక జర్మన్ ఆవిడ కూడా ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులో చదివారు. తెలుగులో చదివినవాళ్లు ఇద్దరే తగిలారు. అందులో ఒకరు మా అక్క.

లేఖాసాహిత్యం అనగానే మనవాళ్లు చలంగారి 'ప్రేమలేఖలు' అంటారు, గోపీచంద్ 'పోస్టు చెయ్యని ఉత్తరాలు' అంటారు, బోయి భీమన్నగారి 'జానపదుని జాబులు' అంటారు. అవి గొప్పవి కావని ఎవరన్నారు? కానీ అవి సాహిత్యం కోసం ఉత్తరం రూపం తొడుక్కున్నవి. నాగమ్మగారివి నిజంగా బిళ్ల అంటించి పోస్టుడబ్బాలో వేసినవి. అందుకేనేమో మన విమర్శకులు వీటిని భక్తి అలమారులో పెట్టేసి తాళం వేశారు. తిరువణ్ణామలై అంటే తెలుగు సాహిత్యలోకానికి గుర్తొచ్చేది చలంగారు. ఆయన 1950లో వెళ్లి, 1979లో పోయేదాకా అక్కడే ఉన్నారు. 'మైదానం' రాసినాయన అరుణాచలం ఎందుకు వెళ్లాడని మనం డెబ్భై ఏళ్లుగా వాదించుకుంటున్నాం. ఆయన కంటే తొమ్మిదేళ్ల ముందు అదే ఊరు వెళ్లి, తెలుగులో ఇంత పుస్తకం రాసిన మనిషి గురించి వాదన మాట అటుంచి, ప్రస్తావనే అరుదు.

ఇంకో పోలిక చూడండి. రమణ మహర్షి హాలులో జరిగిన సంభాషణలకి ప్రసిద్ధమైన ఇంగ్లీషు రికార్డులు రెండున్నాయి. ఒకటి 1935 నుంచి 1939 దాకా మునగాల వెంకట్రామయ్యగారు రాసినది. ఆయన తెలుగువారే, రాసింది ఇంగ్లీషులో. రెండోది 1945 నుంచి 1947 మొదటి దాకా దేవరాజ ముదలియార్ రాసిన దినచర్య. ఆయన చిత్తూరు వకీలు. అంటే ముదలియార్‌గారూ నాగమ్మగారూ ఏడాదికి పైగా అదే హాలులో, అదే మనిషి ఎదురుగా కూర్చుని, ఎవరి పుస్తకం వాళ్లు రాసుకున్నారన్నమాట. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తేడా తెలుస్తుంది. వకీలుగారికి ప్రశ్న కావాలి, జవాబు కావాలి. సాక్షి వాంగ్మూలంలా ఎవరు ఏమడిగారు, దానికి ఏం చెప్పారు అన్నది శుభ్రంగా పెడతాడు. చెల్లెలికి అది చాలదు. అడిగినవాళ్లు ఎక్కణ్ణించి వచ్చారు, అడగడానికి ఎంతసేపు తటపటాయించారు, జవాబు వచ్చేలోపు కిటికీలోంచి ఉడత వచ్చిందా, దానికి పప్పులు ఎవరు పెట్టారు, ఇవన్నీ కావాలి. పొలం నుంచి ఇంటికొచ్చి ఏం జరిగిందో చెప్పే మనిషిలాగా రాస్తుంది. తత్వం కావాలంటే వెంకట్రామయ్యగారి పుస్తకం చాలు. ఆ తత్వం చెప్పిన మనిషి ఒక మామూలు మంగళవారం ఎలా ఉండేవాడో తెలియాలంటే నాగమ్మగారి దగ్గరికి రావాలి.

ఇప్పుడు మనం ఈ పుస్తకాన్ని ఎలా చదువుతున్నామో చూద్దాం. భగవాన్ ఏమన్నారో ఆ మాటలు ఏరి కార్డుల మీద వేసుకుంటాం, పొద్దున్నే నలుగురికీ పంపుకుంటాం. మిగతాదంతా ఊక అన్నట్టు. నేను ఆక్సిజన్ అంకె వెతుక్కున్నట్టే ఇదీను. నా అభిప్రాయంలో ఆ ఊకే ఈ పుస్తకం. మహర్షి మాటలు మరో పది పుస్తకాల్లో దొరుకుతాయి. ఉత్తరాలకి గుచ్చి వచ్చిన గుండుసూదుల్ని ఆయన పారెయ్యకుండా దాచడం, బరోడా నుంచి వచ్చిన తెల్ల నెమలి చుట్టూ అల్లుకున్న హడావిడి, భర్తనీ పిల్లల్నీ పోగొట్టుకుని కొండ దగ్గరికి వచ్చి ఏళ్ల తరబడి రోజూ అన్నం మోసుకొచ్చిన ఎచ్చమ్మాళ్ పోయినప్పటి సంగతులు, ఇవి ఇలా మన భాషలో, చూసిన మనిషి గొంతుతో దొరకడం ఈవిడ దయ.

నాన్న మళ్లీ చదవమన్న ఆవు పేరు లక్ష్మి. 1926లో దూడగా ఆశ్రమానికి వచ్చింది. 1948 జూన్ 18న చచ్చిపోయింది. ఆ రోజు మహర్షి దాని పక్కన కూర్చుని తల ఒళ్లో పెట్టుకున్నారు, తర్వాత దానికి ముక్తి కలిగిందని తమిళంలో పద్యం రాశారు. ఆవుకి మోక్షమేమిటి అని ఇంజినీరింగు చదివినవాడికి అనుమానం రావాలి కదా, నాకూ వచ్చింది. నాగమ్మగారు ఆ అనుమానానికి జవాబు వెతకదు. లక్ష్మి జనాన్ని తోసుకుంటూ హాలులోకి వచ్చే తీరు, ఆయన దాంతో మాట్లాడే తీరు చెబుతూ పోతుంది. పది ఉత్తరాల్లో ఆ ఆవుని అక్కడా ఇక్కడా చూసేసరికి, అది పోయే రోజుకి మోక్షం సంగతి నాకు గుర్తు రాలేదు. ఒక ఇంట్లో మనిషి పోయినట్టు అనిపించింది. వాదించకుండా ఇంతదూరం తీసుకురావడం చిన్న పని కాదు. మన వచనంలో చేయి తిరిగినవాళ్లకి కూడా అన్నివేళలా చేతకాదు.

ఆవిడ వట్టి లేఖరి అనుకునేవాళ్లకి ఇంకో సంగతి చెప్పాలి. మహర్షి చివరి పద్యరచనల్లో ఒకటి 'ఏకాత్మ పంచకం'. 1947 ఫిబ్రవరిలో నాగమ్మగారు అడిగితే, ఆయన తమిళుల వెణ్బా ఛందస్సులో ముందు తెలుగులో రాశారు. తమిళం తర్వాత వచ్చింది. తమిళదేశంలో పుట్టిన ఋషి చివరి ఏళ్ల పద్యాలు తెలుగు మాటల్ని తమిళ ఛందస్సులో కూర్చి వచ్చాయంటే, దానికి కారణం హాలులో ఆడవాళ్ల వైపు కూర్చున్న ఈ గుంటూరు జిల్లా ఆవిడ. ఈ ఒక్క విషయం మన సాహిత్య చరిత్రలో ఒక పేరాకి తగదా?

2023 డిసెంబరు 2, 3, 4 తేదీల్లో ఇక్కడ జాతీయ దినోత్సవం సెలవులొచ్చాయి. పుస్తకం పట్టుకుని ఒక్కణ్ణే హట్టా వెళ్లాను. దుబాయ్‌కి చెందిన కొండ ఊరు అది. ఒక ఖర్జూరపు తోటలో గది తీసుకున్నాను. మా ఆవిడ, "మీరు ఒక్కరే మూడు రోజులు ఏం చేస్తారండీ, అక్కడ కాఫీ ఎవరిస్తారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. ధ్యానానికి అని వెళ్లలేదు, నాకు పది నిమిషాలు కళ్లు మూసుకుంటే నిద్రొస్తుంది. ఒక నియమం మాత్రం పెట్టుకున్నాను. ఫోను కారులో పెట్టి తాళం వెయ్యాలి. ఒక ఉత్తరం చదివాక, ఆ పూట నా ఎదురుగా జరిగింది ఏదో ఒకటి అక్కకి ఉత్తరంగా పది వాక్యాలు రాయాలి. నాగమ్మగారికి నేను చెల్లించగల గౌరవం అదొక్కటే అనిపించింది.

మొదటి రోజు రాసింది చూసుకుంటే సిగ్గేసింది. ప్రతి వాక్యంలో 'నాకు' ఉంది. నాకు ప్రశాంతంగా ఉంది, నాకు నాన్న గుర్తొచ్చారు, నాకు కొండలు అరుణాచలంలా తోచాయి. అరుణాచలం నేను అప్పటికి చూడలేదు! ఎదురుగా ఒకాయన ఫలజ్ కాలవలోంచి చెట్లకి నీళ్లు మళ్లిస్తున్నాడు. ఆయన గురించి నేను రాసింది "తోటవాడు నీళ్లు పెడుతున్నాడు" అన్న మూడు మాటలు. తర్వాత నాగమ్మగారి ఉత్తరం తీస్తే అందులో ప్రతివాళ్లకీ పేరుంది, ఊరుంది, చేతిలో ఏదో ఒక వస్తువుంది. రెండో రోజు పొద్దున్న వెళ్లి ఆయన పేరు అడిగాను. పెషావర్ వైపు వాడు, పదహారేళ్లుగా అదే తోటలో ఉన్నాడు. ఒక చెట్టు పాదు మట్టితో కట్టి, పక్క చెట్టుకి దారి తెరిచే పని పారతో కాకుండా కాలి మడమతో చేస్తున్నాడు. అది చూడటానికి నాకు గంట పట్టింది. (ఆయన పేరు ఇక్కడ వెయ్యను. అచ్చులో వెయ్యొచ్చా అని అడగలేదు.)

ఈ అభ్యాసం వల్ల నాకు ఆధ్యాత్మికంగా ఏమైనా ఒరిగిందా అంటే చెప్పలేను. ఆవిడ వచనం ఎలా పనిచేస్తుందో మాత్రం తెలిసింది. ఆవిడ తనని పక్కకి తప్పించుకుంటుంది, కానీ మాయమైపోదు. హాలులో తను ఎక్కడ కూర్చుందో, అడగాలా వద్దా అని ఎలా ఊగిసలాడిందో చెబుతుంది, అంతవరకే. అన్నగారికి తెలిసినవి మళ్లీ చెప్పదు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకి దగ్గరగా రాస్తుంది. పండితులు వచ్చి శ్లోకాల మీద చర్చ పెట్టినప్పుడు ఆ చర్చ కూడా పట్టుకోగలదు, కానీ అది తన గొప్పగా చూపించదు. ఇవన్నీ ఒక మనిషి కోసం రాయడం వల్ల వచ్చినవనుకుంటాను. అన్నగారు దూరంగా ఉన్నాడు, ఆయన రాలేడు, కాబట్టి ఆయన కళ్లు తనే అవ్వాలి. గల్ఫ్‌లో ఉన్న మనందరికీ ఇళ్ల దగ్గర ఇలాంటి చెల్లెలో అక్కో ఉంటారు.

లోపాలు లేవా? ఉన్నాయి. చాలా ఉత్తరాలు ఒకే తలుపు చప్పుడుతో మూసుకుంటాయి: సంఘటన, ప్రశ్న, భగవాన్ మాట, అందరూ మౌనం. ఇరవై ఉత్తరాలు ఒక్క బిగిని చదివితే ఆ చప్పుడు ముందే వినిపిస్తుంది. ఇది పుస్తకంగా కాక వారానికొకటిగా అందుకున్న అన్నగారికి ఆ ఇబ్బంది ఉండి ఉండదు. ఆవిడ మహర్షితో ఎక్కడా విభేదించదు. ఆశ్రమ వ్యవహారాల్లో తనకి నచ్చనివి ఉన్నా, ఉత్తరంలో గొంతు తగ్గించేస్తుంది. ఇంకొకటి: చీకటిపడ్డాక ఆడవాళ్లు ఆశ్రమంలో ఉండకూడదన్న నియమం ఆ రోజుల్లో ఉండేది. అందుకే ఇది పగటి పుస్తకం. రాత్రి ఆ హాలు ఎలా ఉండేది, ఎవరు ఎక్కడ పడుకునేవారు అన్నది ఇందులో దొరకదు. ఆ నియమం మీద ఆవిడకి కోపం వచ్చిందో లేదో నాకు పట్టుకోవడం చేతకాలేదు. చిన్నతనంలోనే వైధవ్యం పడిన మనిషి తన దుఃఖం గురించి ఇంత తక్కువ రాయడం సంయమనమా, అలవాటా అన్నది కూడా. భక్తులు మొదటిదంటారు. నాకు రెండూ అనిపిస్తాయి.

1949, 50 సంవత్సరాల ఉత్తరాలు మూడో రోజుకి మిగిలాయి. 1949 ఫిబ్రవరిలో మహర్షి ఎడమ మోచేతి దగ్గర చిన్న కంతి కోశారు. మార్చిలో మళ్లీ, ఆగస్టులో మళ్లీ, డిసెంబరులో నాలుగోసారి. చెయ్యి తీసేద్దామని వైద్యులంటే ఆయన ఒప్పుకోలేదు. 1950 ఏప్రిల్ 14 రాత్రి 8:47కి పోయారు. అప్పుడు అక్కడే ఉన్న ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్, సరిగ్గా ఆ వేళకి ఆకాశంలో ఒక వెలుగు సాగిపోవడం చూశానన్నాడు. లోకానికి ఆ వెలుగు కథ బాగా తెలుసు. నాగమ్మగారి ఆఖరి ఏడాది ఉత్తరాల్లో నన్ను పట్టుకున్నది వేరు. ఆవిడ వైద్యుల నివేదిక రాస్తుంది, రాసి అక్కడ ఆగదు. నొప్పిలో ఉన్న మనిషి చుట్టూ రోజు ఎలా గడిచిందో, చూడటానికి వచ్చిన జనం ఎలా నిలబడ్డారో, ఆయన ఎవర్ని ఏమని పలకరించారో అదంతా పెడుతుంది. అన్నగారు వ్యాధి ఎంత ముదిరిందని మాత్రమే వెతుక్కున్నాడో, అంతా చదివాడో నాకు తెలియదు. చదివే ఉంటాడు. లేకపోతే తర్వాత కూర్చుని అన్నింటినీ ఇంగ్లీషు చెయ్యడు కదా.

ఆ రాత్రి కారు దగ్గరికి వెళ్లి ఫోను తీశాను. నియమం తప్పాను. 2021 మే నెలకి వెనక్కి వెళ్లి అక్క సందేశాలు మొదటి నుంచి చదివాను. కరివేపాకు చెట్టుకి నీళ్లు పోశారా అని నాన్న అడిగారట. ఎదురింటి పిల్లలు ఆన్‌లైన్ పాఠం గట్టిగా పెడితే, లెక్క తప్పు చెబుతున్నారని విసుక్కున్నారట. ఒకరోజు నేను ఫోను చేస్తే గొంతు బాగున్నట్టు మాట్లాడి, పెట్టేశాక అరగంట ఆయాసపడ్డారట. ఆ వాక్యం కింద 91 అని ఉంది. ఆ 91 నాకు గుర్తుంది.

మరుసటి ఏడాది సెలవులో, చెన్నై మీదుగా తిరువణ్ణామలై వెళ్లి నాలుగు రోజులున్నాను. పాత హాలు చూసి ఇంతేనా అనుకున్నాను. అంత చిన్నది. ఉత్తరాలు చదివినప్పుడు అది సంతపాకంత ఉందనిపించింది నాకు, అందులో అంతమంది జనం, ఉడతలు, కోతులు, ఆవు. లక్ష్మి సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాను. పక్కన జింకకీ, కాకికీ, కుక్కకీ కూడా ఉన్నాయి. అక్కకి అవన్నీ ఉత్తరంగా రాశాను, ఆరు పేజీలు, చేత్తో. స్టాంపు ఎంతో కనుక్కుని పోస్టు చేశాను. తెనాలి చేరడానికి ఎన్నాళ్లు పట్టిందో గానీ, నేను షార్జా వచ్చిన తర్వాత అక్క ఫోను చేసింది.

"నీ అక్షరాలు ఇంటర్ రోజులకన్నా అధ్వాన్నంగా ఉన్నాయిరా" అంది ముందు. తర్వాత, తను పుస్తకం రెండోసారి చదవడం పూర్తయిందనీ, ఒక్కటే వెలితి కనపడిందనీ చెప్పింది.

"ఏమిటక్కా?"

"అంతమందికి రోజూ వండిపెట్టే వంటింటి గురించి ఇంకా రాయాల్సింది. నాగమ్మగారు లోపలికి అంతగా వెళ్లలేదేమో. నువ్వు వెళ్లావు కదా, చూశావా?"

చూడలేదని చెప్పాను.